ఆగిన బండిలో చిగురు

చోడవరంలో మెకానిక్ షెడ్ల వెనక ఒక గెడ్డ పారుతుంది. పారుతుంది అనడమే గానీ, చాలా ఏళ్లుగా అందులో కదిలేది నీరు కాదు, బండ్లలోంచి దించి పారబోసిన కాలిన ఆయిల్. దాని గట్టున గడ్డి మొలిచేది కాదు. గేదెలు మూతి పెట్టేవి కావు. అలాంటి గెడ్డలో ఆ ఏడు తొలకరికి చేపపిల్లలు కనిపించాయి. షెడ్ల వాళ్లంతా పని ఆపి మరీ వెళ్లి చూశారు. పైడితల్లమ్మ అయితే విశాఖలో ఉన్న కూతురికి ఫోను చేసింది.

"ఓలే కనకం, నీ నూనె పుణ్యమేనే ఇదంతా. ఆ గెడ్డలో కాళ్లెట్టి ఎన్నాళ్లయిందో! ఇయ్యాల సుబ్బరంగా కడుక్కొచ్చీసేను."

డాక్టర్ కనకమహాలక్ష్మికి సంతోషం కలిగింది. కలిగిన మరుక్షణమే, ఇంత మంచి ఊరికే వస్తుందా అన్న అనుమానమూ కలిగింది. ఆమె తీరే అంత. ఏ వస్తువు ఎక్కడ అరుగుతుందో, ఎప్పుడు అరుగుతుందో కనిపెట్టడం ఆమె ఉద్యోగం. పరవాడ దాటాక సముద్రం వైపున్న ఒక నూనెల కంపెనీ ప్రయోగశాలలో రాపిడి విభాగానికి ఆమె పెద్ద. అరగని వస్తువు ఒకటి ఉందని ఎవరైనా అంటే ఆమెకు నిద్ర పట్టదు.

ఆ నూనె పేరు చిగురు. దాన్ని కనిపెట్టిన గోవర్ధనం గారు ఆ ప్రయోగశాల డైరెక్టరు. పాడుబడిన ఒక ఆముదం గానుగలో, తరాల తరబడి నూనె కారి నల్లబడిన నేలని తవ్వి, అందులో నూనెనే తిని బతికే ఒక సూక్ష్మజీవిని ఆయన పట్టుకొచ్చారు. దాని బీజాలని శుద్ధి చేసిన ఆముదంలో కలిపారు. ఇంజను వేడికి ఆ బీజాలు నిద్రపోతాయి. నూనె తన పని తాను చేసుకుంటుంది. కాలిన నూనెని నేల మీద పారబోస్తే బీజాలు మేలుకుని మొత్తం తినేసి మట్టి చేసి పెడతాయి. వచ్చిన ప్రతి అధికారి ముందూ ఆయన ఒక పూలకుండీలో గ్లాసెడు వాడేసిన నూనె ఒంపేవారు. పక్కనే, కొన్నాళ్ల ముందు అలాగే ఒంపిన కుండీ చూపించేవారు. అందులో మెంతికూర పచ్చగా ఊగుతుండేది. ఆయన ఒక ఆకు తుంచి నోట్లో వేసుకునేవారు. చూసేవాళ్లు చప్పట్లు కొట్టేవారు.

కనకం కూడా కొట్టింది. ఆమె చేసిన పరీక్షలన్నిటిలోనూ చిగురు నెగ్గింది. బెంచీల మీద బిగించిన ఇంజన్లు రాత్రనక పగలనక తిరిగాయి. విప్పి చూస్తే పిస్టన్లు కొత్తవాటిలా మెరిశాయి. చివరికి ఆమె తన తమ్ముడు ఈశ్వర్రావుకి కూడా చెప్పింది.

"నీ షెడ్డులో ఇదే పొయ్యరా. పూచీ నాది."

"నువ్వు చెప్తే మరింకేటప్పా," అన్నాడు ఈశ్వర్రావు. అక్కని అతను అప్పా అనే పిలుస్తాడు. ఆ వీధిలో చిగురు పోసిన మొదటి షెడ్డు అతనిదే. అతన్ని చూసి మిగతావాళ్లూ మారారు. గెడ్డకి చేపలు అలా వచ్చాయి.

*

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక పొద్దుట, మన్యంలో ఒక ధర్మసంస్థ నడిపే అంబులెన్సు కొండ ఘాటీ దిగుతూ దారిలో ఆగిపోయింది. లోపల బంగారమ్మ అనే మనిషి ఉంది. పసుపు తోటలో కలుపు తీస్తుంటే కట్లపాము కరిచింది. పక్కన ఆమె మొగుడు సన్యాసిరావు, ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఇంజనుకి నూనె అందడం లేదని చెప్పే ఎర్రదీపం వెలిగినా, మనిషి ప్రాణం చూసి డ్రైవరు బండి ఆపలేదు. నాలుగు మలుపులు తిరిగేసరికి ఇంజను కీచుమని పట్టేసింది. మళ్లీ కదల్లేదు. ఇంకో బండి పైకి వచ్చేసరికి బంగారమ్మ ఊపిరి ఆగిపోయింది.

ఆ అంబులెన్సుకి వానలకు ముందు సర్వీసు చేసింది ఈశ్వర్రావు.

ఇంజనులోంచి తీసిన నూనె సీసాలో పోసి, లక్క ముద్ర వేసి, చిగురుని పరీక్షించగలిగేవాళ్లు ఇంకెక్కడా లేరని పోలీసులు దాన్ని కనకం పనిచేసే ప్రయోగశాలకే పంపారు. చీటీ మీద తమ్ముడి షెడ్డు పేరుని కనకం రెండుసార్లు చదివింది. గోవర్ధనం గారు ఆమె గదిలోకి వచ్చి నిలబడ్డారు.

"మీకు ఇబ్బందిగా ఉంటే ఈ పరీక్ష వేరేవాళ్లకి ఇస్తానండీ."

"వద్దు," అంది కనకం. "నేనే చేస్తాను."

సీసాలో ఉన్నది నూనెలా లేదు. పాలు విరిగినట్టు ముద్దలు ముద్దలుగా ఉంది. నీరుంది. పులుపుంది. సన్నటి తెల్లటి పీచులున్నాయి, గుడ్డపేలికలు నలిగి కలిసినట్టు. పరీక్షలో వచ్చిన ఆమ్లాలన్నీ పాతబడి కంపు పట్టిన వంటనూనెలో ఉండేవే. హోటళ్లలో బజ్జీలు వేయించి పారేసే నూనెని ఎవరో వడగట్టి చిగురులో కలిపితే ఇలాగే ఉంటుంది. బీజాలు మేలుకున్నాయేమో అన్న ఆలోచన ఆమెకు రాకపోలేదు. కానీ మట్టి తగలనిదే అవి మేలుకోవని గోవర్ధనం గారు తేల్చి చెప్పారు. ఇంజనులో మట్టెక్కడిది?

పైగా, మరిచిపోలేని సంగతి ఒకటుంది. పెళ్లి కాకముందు ఈశ్వర్రావు అనకాపల్లిలో ఒక సేటు దగ్గర పనిచేసేవాడు. ఆ సేటు కాలిన ఆయిల్‌ని వడపోసి కొత్త డబ్బాల్లో నింపి అమ్మేవాడు. వడపోసింది ఈశ్వర్రావే. దొరికిపోయాక ఇంటికొచ్చి ఏడ్చాడు, సేటు చెయ్యమంటే చేశానన్నాడు. అప్పటికి అతనికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. ఆ సంగతి ఇంట్లో అందరూ మరిచారు. కనకం మరవలేదు.

ఆమె ఫోను చేతిలోకి తీసుకుంది. తమ్ముడి పేరు దగ్గర వేలు ఆగింది. అడిగితే ఏం చెప్తాడు? కలపలేదంటాడు. కలిపినవాడూ అదే అంటాడు, కలపనివాడూ అదే అంటాడు. ఆమె ఫోను పక్కన పెట్టి, వాడి పారేసిన వంటనూనె కలిసినట్టు తేలిందని రాసి సంతకం చేసింది. సంతకం చేశాక, రక్తసంబంధానికి లొంగకుండా పని చేశానన్న గర్వం లాంటిది కూడా ఆమెకు కలిగింది. ఆ గర్వాన్ని ఆమె తరవాత చాలాకాలం క్షమించుకోలేకపోయింది.

*

ఈశ్వర్రావు షెడ్డుకి తాళం పడింది. అతన్ని తీసుకెళ్లి, బెయిలు మీద వదిలారు. కంపెనీ పత్రికల్లో ప్రకటన వేసింది: కల్తీదారుల వల్ల మంచి నూనెకి చెడ్డపేరు వస్తోంది, జాగ్రత్త. చోడవరంలో ఇరుగుపొరుగు అతని ఇంటి ముందునుంచి మొహం తిప్పుకుని నడిచారు. సన్యాసిరావు మటుకు రోజూ బేరానికి కొండ దిగి వచ్చి, తాళం వేసిన షెడ్డుకి ఎదురుగా తన సామాన్ల ఆటో ఆపి, కాసేపు చూసి వెళ్లేవాడు. తిట్టేవాడు కాదు. ఊరికే చూసేవాడు. దానికంటే తిట్టినా బాగుండునని ఈశ్వర్రావు పెళ్లాం ఏడ్చింది.

ఆదివారం కనకం తల్లిని చూడ్డానికి వెళ్లింది. ఎప్పుడూ వెళ్లగానే మంచినీళ్లిచ్చే తల్లి ఆ రోజు గడపలోనే నిలబడింది.

"ఏటే కనకం, నీ పరీచ్చలో నా కొడుకు పేసవ్వలేదా?"

"అమ్మా, నేను వాణ్ణి పరీక్ష చెయ్యలేదు. నూనెని చేశాను."

"మరి నూనెనే జైల్లో ఎట్టాల్సింది."

లోపల ఈశ్వర్రావు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అక్క గొంతు విని కూడా లేవలేదు. కనకం తెచ్చిన పళ్ల సంచి అరుగు మీద పెట్టి వచ్చేసింది. బస్సులో కూర్చున్నాక మళ్లీ అనుమానం. తప్పు చేసినవాడు గోడకి తిరుగుతాడు. తప్పు చెయ్యనివాడూ తిరుగుతాడు. ఏది ఏదో చెప్పే పరీక్ష ఏదీ ఆమె దగ్గర లేదు.

*

తరవాత కొన్నాళ్లకి కంపెనీకి ఒక ఫిర్యాదు వచ్చింది. లాసన్స్‌బే కాలనీలో శాంతకుమారి అనే రిటైరైన టీచరు కారు ఇంజను తిరగడం లేదు. కంపెనీవాళ్లు అచ్చు వేసి పెట్టుకున్న జవాబు ఆమెకీ పంపబోయారు, కల్తీ నూనె అని. ఆ కాయితం కనకం బల్ల మీదుగా పోతుంటే ఆమె ఆపింది. ఈ కారులో నూనె పోసింది ఏ షెడ్డువాడూ కాదు. కంపెనీ సొంత సర్వీసు సెంటరు. ముద్ర విప్పని డబ్బా లోంచి.

కనకం ఎవరికీ చెప్పకుండా వెళ్లింది.

కారు తులసికోట పక్కన రేకుల పందిరి కింద ఉంది. పాతదే గానీ అద్దంలా తుడిచి ఉంది.

"ఇది మావారిదమ్మా," అన్నారు శాంతకుమారి గారు. "ఆయన పోయాక నాకు నడపడం రాదు, అమ్మబుద్ధీ కాదు. రోజూ తుడుస్తాను. మా మరిది వచ్చినప్పుడు ఒకసారి స్టార్టు చేసి పెడతాడు. ఈసారి వానలకి ఆయన రాలేదు."

"ఎవరైనా బానెట్ ఎత్తారాండీ? నూనె మార్చడం, కలపడం..."

"తాళం నా మెడలోనే ఉంటుంది."

నిజమే. మంగళసూత్రం తీసేసిన గొలుసుకి కారు తాళం వేలాడుతోంది.

కనకం బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగింది. ముందు వాసన వచ్చింది. తొలి చినుకులు పడ్డ నేల వాసన. ఆ ఎండలో, ఆ ఇనుము మధ్య ఆ వాసన ఎంత కమ్మగా ఉందో, ఆమెకు అంత భయం వేసింది. కడ్డీ చివర నూనె లేదు. తెల్లటి పీచు చుట్టుకుని ఉంది. వేళ్లతో లాగితే సాగింది. ఆమె పక్క వీధిలోంచి ఒక మెకానిక్‌ని పిలిపించి ఇంజను కింద నూనె నిలిచే చాంబరు విప్పించింది. అతను పళ్లెం దించి, వెనక్కి జరిగి, "ఇదేటండీ బాబూ, పుట్టగొడుగులు పెంచుతున్నారా?" అన్నాడు. పళ్లెం నిండా మెత్తటి గోధుమరంగు ముద్ద. దాన్ని పట్టి ఉంచిన తెల్లటి వేళ్లు. మధ్యలో అక్కడక్కడా నీటిబొట్లు.

అంబులెన్సు నూనెలో గుడ్డపీచు అనుకున్నది గుడ్డపీచు కాదు. ఆ పులుపూ వంటనూనెది కాదు, బీజాలు ఆముదాన్ని తిని వదిలినది.

కనకం ఆ పందిరి కిందే, కారు పక్కన, నేల మీద కూర్చుండిపోయింది. చల్లగా ఉండి, చెమ్మ తగిలి, కదలిక లేకపోతే చాలు. అరిగిన ఇనుప రజను మట్టిలోని ఉప్పుల పని చేస్తుంది. తనని నేల మీద పారబోశారని నూనె అనుకుంటుంది. మేలుకుని, తనకి నేర్పిన పని తాను చేస్తుంది. అంబులెన్సు కూడా వానాకాలమంతా, రోడ్డు కొట్టుకుపోయి, కొండ మీద కదలకుండా నిలబడే ఉంది.

ప్రయోగశాలలో అందరూ బండి నడిస్తే ఏమవుతుందని చూశారు. ఆగితే ఏమవుతుందని చూసినవాళ్లు లేరు.

లేరా?

శాంతకుమారి గారు మజ్జిగ తెచ్చి ఇచ్చారు. "ఏమైందమ్మా? బాగవుతుందా?"

"మీ కారుని ఎవరూ ఏమీ చెయ్యలేదండీ," అంది కనకం. ఆ మాట ఇంకెవరికో చెప్పవలసినదని ఆమెకు తెలుసు.

*

మర్నాడు ఆమె తిన్నగా బెంచీల హాలుకి వెళ్లింది. నాలుగో బెంచీ ఖాళీగా ఉంది. కిందటేడు తుపానుకి కరెంటు పోయి, రోడ్లు మునిగి, ప్రయోగశాల చాలా రోజులు మూతపడింది. తెరిచాక మిగతా ఇంజన్లని వెంటనే తిప్పారు. నాలుగోది మటుకు విడిభాగం ఒకటి రావాలని అలాగే వదిలేశారు. కొన్ని వారాలకి తిప్పబోతే తిరగలేదు. వరద నీళ్లెక్కాయని గోవర్ధనం గారు చెప్పి, దాన్ని పాత ఇనుము కింద పంపించేశారు. అప్పుడు ఎవరూ మారు మాట్లాడలేదు.

గోడ మీద వరద చార ఇంకా ఉంది, లేత గోధుమరంగు గీతలా. కనకం దాని పక్కన నిలబడి చూసుకుంది. చార ఆమె మోకాలికి రాలేదు. బెంచీ ఆమె నడుమెత్తున ఉంది.

గోవర్ధనం గారు తన గదిలో మెంతికూర కుండీకి నీళ్లు పోస్తున్నారు.

"నాలుగో ఇంజనులోకి నీళ్లెలా ఎక్కాయండీ?" అని అడిగింది ఆమె, కూర్చోకుండానే.

ఆయన చెంబు కింద పెట్టారు. కుండీ అంచున కారిన నీరు వేలితో తుడిచారు. "ఎక్కలేదు," అన్నారు చివరికి.

"మీకు తెలుసు."

"ఆ గోడ మీద చార మీరూ రోజూ చూస్తూనే ఉన్నారు కదా కనకం గారూ."

ఆ మాట ఆమెకి గట్టిగానే తగిలింది. కానీ ఆమె అక్కడినుంచి కదల్లేదు. ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మా నాన్న లారీ మెకానిక్కండీ. అన్నం తినేటప్పుడు కూడా ఆయన చేతులు నల్లగానే ఉండేవి. చర్మం మీద పుళ్లు లేచి, పుళ్లు గడ్డలై పోయారు. పాడె మీద పడుకోబెట్టాక మా అమ్మ సబ్బు పెట్టి తోమింది, ఆ గోళ్ల నలుపు పోలేదు. ఆ నూనెని లోకంలో లేకుండా చెయ్యాలనుకున్నాను. దాదాపు చేశాను. మీ గెడ్డని మీరే చూశారుగా! ఆగి ఉన్న బండి ఎవరికేం చేస్తుంది? మహా అయితే స్టార్టవదు, యజమాని నాలుగు తిట్లు తిడతాడు అనుకున్నాను. ఈలోగా సరిచేసేద్దామనుకున్నాను. వారానికోసారి ఇంజను తిప్పమని డబ్బా మీద రాస్తే ఎవరూ కొనరని కంపెనీ అంది."

"ఆగి ఉండే బండ్లు ఏవో ఎప్పుడైనా ఆలోచించారా?" అంది కనకం. "అంబులెన్సు. ఫైరింజను. ఆస్పత్రి జనరేటరు. ఎవరికో ఒకరికి ప్రాణం మీదికి వచ్చేదాకా కదలకుండా నిలబడి ఉండేవి అవేనండీ."

గోవర్ధనం గారి మొహంలో రక్తం ఇంకిపోయింది. ఆయన నిజంగానే ఆలోచించలేదని కనకానికి అప్పుడు అర్థమైంది. అర్థమైనా ఆయన మీద అనుమానం పోలేదు. తెలివైన మనిషి తనకి అక్కర్లేని ఆలోచనని ఎంత నేర్పుగా రాకుండా చేసుకుంటాడో ఆమెకు తెలుసు. కల్తీ అని రాసి సంతకం చేసిన రోజున తనూ చేసింది అదే.

"ఆస్పత్రుల జనరేటర్లకి మన నూనె ఇవ్వాలని ఆర్డరు వచ్చింది కదా," అందామె. "ఎక్కడిదాకా వచ్చింది?"

"వానలకి ముందే పోసేశారు," అన్నారు ఆయన మెల్లగా. "జిల్లా మొత్తం."

అది తుపాన్ల కాలం. బయట గాలి అప్పటికే తూర్పుకి తిరిగింది.

*

కంపెనీ అనుమతి అడిగితే ఎన్నాళ్లు పడుతుందో కనకానికి తెలుసు. శాంతకుమారి గారి కారు నుంచి తీసిన ముద్దని గాజు సీసాలో పెట్టుకుని ఆమె నేరుగా కలెక్టరాఫీసుకి వెళ్లింది. అక్కడ విపత్తుల విభాగం చూసే అధికారి సీసాని వెలుతురులో పెట్టి చూశాడు, తరవాత ఆమెని చూశాడు.

"మొన్న కల్తీ అని రాసింది మీరే. ఇవాళ కల్తీ కాదంటున్నదీ మీరే. ఆ షెడ్డువాడు మీ తమ్ముడట. నేను ఏ మాట నమ్మాలమ్మా?"

"నన్ను నమ్మక్కర్లేదండీ. మీ ఆఫీసు దిగువనే ఉన్న ఆస్పత్రి జనరేటరు ఒకసారి స్టార్టు చేయించండి. కరెంటు ఉండగానే."

అతను విసుక్కుంటూనే బయల్దేరాడు. జనరేటరు దగ్గర ఆపరేటరు మీట నొక్కగానే అది ఒక్క దెబ్బకి అందుకుంది. గుడగుడమని నల్లటి పొగ వదిలి, నిలకడగా తిరిగింది. అధికారి కనకం వైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు. ఆపరేటరు నవ్వాడు. ఆమె చూపు ఇంజను మీదే ఉంది. ఇంజను బతికి ఉండాలని కోరుకోవాలో, చావాలని కోరుకోవాలో ఆమెకు తోచలేదు. పైన వార్డుల్లో మనుషులున్నారు.

అధికారి చేతి గడియారం చూసుకుని వెళ్లబోతుండగా ఎర్రదీపం వెలిగింది. ఆపరేటరు నవ్వు ఆపి, దాన్ని వేలితో తట్టాడు. అంతలో లోపల ఇనుము ఇనుముని కొరికిన చప్పుడు పుట్టింది. జనరేటరు ఒక్క కుదుపు కుదిపి పట్టేసింది. ఆపరేటరు మీట ఎన్నిసార్లు నొక్కినా మళ్లీ కదల్లేదు. ఇంజను మూత విప్పాక ఆ వాసన వచ్చింది, తొలకరి నేల వాసన.

"ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయి?" అన్నాడు అధికారి. ఇప్పుడు అతని గొంతులో విసుగు లేదు.

ఆ సాయంత్రం నుంచే జిల్లాలో నిలబడి ఉన్న ప్రతి ఫైరింజనునీ, జనరేటరునీ, అంబులెన్సునీ కడిగి పాత రకం నూనె పోశారు. తిరగనివి చాలానే తేలాయి. తుపాను ఒడిశా వైపు మళ్లిపోయింది గానీ, మళ్లకపోతే ఏమయ్యేదో తలుచుకుని చాలామంది లోపల్లోపల వణికారు.

కంపెనీ కనకాన్ని పనిలోంచి తీసేసింది. ప్రభుత్వం వేసిన విచారణలో కంపెనీ వకీలు ఆమె మాటలని ముక్కలు ముక్కలు చేశాడు. తమ్ముణ్ణి కాపాడుకోడానికి కట్టిన కథ అన్నాడు. ఆమె ఏం చెప్పినా అనుమానమే. ఒకప్పుడు తను తమ్ముణ్ణి చూసిన చూపుతోనే ఇప్పుడు ఆ గదిలో అందరూ తనని చూస్తున్నారని ఆమెకు అనిపించింది. అప్పుడు గోవర్ధనం గారు లేచారు. ఆయన్ని ఎవరూ పిలవలేదు.

"నాలుగో ఇంజను సంగతి మీకు ముందే తెలుసా?" అని అడిగారు విచారణ చేసే పెద్దాయన.

"తెలుసు," అన్నారు గోవర్ధనం గారు. అంతకుమించి తనని కాపాడుకునే మాట ఒక్కటీ అనలేదు.

*

ఈశ్వర్రావు మీద కేసు కొట్టేశారు. ప్రభుత్వం చిగురుని ఒక్క నిలబడే బండ్లకే కాదు, మొత్తానికే ఆపేసింది. తిరిగే బండ్లకి దాంతో చిక్కు లేదని కనకం రాసి పంపినా, భయపడ్డవాళ్లు ఎవరూ వినలేదు. షెడ్లలోకి పాత నూనె తిరిగొచ్చింది. మళ్లీ వేసవి వచ్చేసరికి గెడ్డ మీద ఆ రంగురంగుల జిడ్డు తేలింది. పైడితల్లమ్మ కాళ్లు కడుక్కోడానికి వెళ్లి, చూసి, తిరిగొచ్చేసింది. పెరట్లో కుండలో నీళ్లు ముంచుకుని కడుక్కుంది.

కనకం ఇల్లు ఖాళీ చేసి చోడవరం వచ్చింది. ఊళ్లో కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికింది. తమ్ముడు ఆమెతో మాట్లాడుతున్నాడు గానీ, అప్పా అని పిలవడం మానేశాడు. ఒక మధ్యాహ్నం షెడ్డులో ఎవరూ లేనప్పుడు ఆమె ఉండబట్టలేక అంది:

"తిట్టరా. ఎన్నాళ్లని ఇలా ఉంటావు?"

ఈశ్వర్రావు చేతిలో స్పానరు పక్కన పెట్టాడు.

"తిట్టడానికేటుంది? పరీక్ష తప్పయిపోనాది, పెద్ద పెద్దోళ్లకే తప్పయిపోతాది. దానికి నాకు కోపం లేదు. ఆ సీసాలో ఉన్నదాన్ని నువ్వు నూరు రకాలుగా అడిగేవు. నన్నొక్క మాట అడిగేవా? నీకు ఫోనున్నాది. నాకు ఫోనున్నాది."

"అడుగుదామనే ఫోను తీశానురా. అడిగినా నిజం చెప్తావన్న నమ్మకం లేకపోయింది."

ఆ జవాబు ఆమె మార్చి చెప్పవచ్చు. మెత్తగా చెప్పవచ్చు. చెప్పలేదు. ఈశ్వర్రావు పక్కన పెట్టిన స్పానరు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

"అదే మరి," అన్నాడు. "అదొక్కటే కష్టంగా ఉన్నాది."

తరవాత లేచి, ఆమె కూర్చోడానికి స్టూలు తుడిచి వేశాడు. ఆ రోజు నుంచి ఆదివారాలు ఆమె షెడ్డులో కూర్చోవడం అలవాటైంది.

రెండేళ్లకి చిగురు మళ్లీ బజారులోకి వచ్చింది. ఈసారి డబ్బా మీద ఎర్రక్షరాలతో, వారానికి ఒకసారైనా ఇంజను తిప్పనివాళ్లు వాడకూడదని రాసి ఉంది. జనం మటుకు దాన్ని ముట్టలేదు. కొట్లలో డబ్బాల మీద దుమ్ము పేరుకుంది. ఈశ్వర్రావు ఒక పెట్టె తెచ్చి అటక మీద పెట్టాడు గానీ, పోస్తానని ఎవరికీ చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

ఒక ఆదివారం షెడ్డు ముందు సామాన్ల ఆటో ఆగింది. దిగింది సన్యాసిరావు. ఈశ్వర్రావు లేచి నిలబడ్డాడు. వీధిలో అటూ ఇటూ ఉన్నవాళ్లు పని ఆపి చూశారు. సన్యాసిరావు లోపలికి వచ్చాడు. మనిషి బాగా చిక్కిపోయాడు.

"ఆయిల్ మార్చాల," అన్నాడు.

"ఏది పొయ్యమంటావు బావు?" అన్నాడు ఈశ్వర్రావు.

సన్యాసిరావు అతనికి జవాబు చెప్పకుండా, స్టూలు మీద ఉన్న కనకం వైపు తిరిగాడు.

"నువ్వే కదమ్మా ఆ నూనె పరీక్ష చేసినావు. పేపర్లో చూసేను. నువ్వు సెప్పు. అది మంచిదా, సెడ్డదా?"

కనకం లేచింది. ఈ ప్రశ్న ఆమెని చాలామంది అడిగారు, ఆఫీసర్లూ, విలేకరులూ, కారులున్న బంధువులూ. అందరికీ జవాబు చెప్పింది. ఈ మనిషికి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? బంగారమ్మ పేరు ఎత్తాలా, వద్దా? క్షమించమని అడగాలా? అతని కళ్లు ఆమెనే చూస్తున్నాయి, ఒకప్పుడు తాళం వేసిన షెడ్డుని చూసినట్టు.

"మొదటిసారి నేను తప్పు చెప్పాను," అంది ఆమె. "దానివల్ల మా తమ్ముడు నలిగాడు, నువ్వు ఎవరి మీద పడాలో తెలీక తిరిగావు. ఈసారి తెలిసినంతవరకే చెప్తాను. బండి రోజూ తిరిగితే అది మంచిదే. ఇంజనుకీ మంచిది, నేలకీ మంచిది. బండి ఆగితే మటుకు నమ్మకూడదు. వారం కూడా నమ్మకూడదు."

సన్యాసిరావు ఆ మాటలు తనలో తాను ఒకసారి అనుకున్నట్టు పెదాలు కదిపాడు. వెళ్లి తన ఆటో ముందు నిలబడ్డాడు. దాని రంగు వెలిసిపోయి, టైర్లు అరిగి ఉన్నాయి.

"మాయావిడ పోయిన కాణ్ణుంచి ఇంట్లో కూకోలేకపోతున్నానమ్మా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే. "పండగనీ లేదు, ఆదివారమనీ లేదు. బేరం లేకపోయినా తిప్పుతానే ఉన్నాను. ఇది ఆగింది లేదు."

ఆటో రేకు మీద అరచెయ్యి ఆనించి, ఇటు తిరిగాడు.

"ఆ మంచి నూనే పొయ్యండి," అన్నాడు సన్యాసిరావు.

ఈశ్వర్రావు అటక మీదనుంచి డబ్బా దించి, దుమ్ము తుడిచాడు. "అప్పా, ఆ గరాటా అందుకో," అన్నాడు.

కనకం గరాటా తీసుకుని, ఇంజను దగ్గర వంగి, రెండు చేతులతో పట్టుకుంది.